లేచేదాక ఎవ్వలు లేవద్దు

సినిమా సూసి ఏడ్సినందుకు మనిషిని దేశం ఎల్లగొడ్తరా? మీరే చెప్పుండ్రి. ఖతర్ల శాన ఏండ్లసంది క్యాంప్ మెస్సుల వంట చేస్తున్న, గిసోంటి ముచ్చట ఎన్నడు ఇనలే. నా పేరు భూమన్న. నా నోరు మంచిది గాదని నాకెర్కనే. గని ఈ కథ నాది గాదు, రాజేశంది. వాడు నోట్లె నాలుక లేనోడు, గందుకే నేను చెప్పవట్టిన.

రాజేశం, నేను ఒక్క మండలపోళ్ళం, జగిత్యాల దిక్కు. వాడు కంపెనీల షట్టరింగ్ కార్పెంటర్. పప్పుల ఉప్పెక్కువైతె మిగితోళ్ళు ప్లేటు తెచ్చి నా మొఖం ముందట పెడ్తరు. వాడు మాత్రం ఇన్ని నీళ్ళు తాగి "మంచిగున్నది భూమన్నా" అని పోతడు. బస్సుల వాని సీటు ఎవడన్న గుంజుకుంటె నిలవడే వస్తడు. "నీకు కోపమన్నదే రాదార?" అని ఒకసారి అడిగిన. "వస్తదన్నా, జర మెల్లగొస్తది" అని నవ్విండు.

వాని బామ్మర్ది తిరుమల్ వానికి పూరా ఉల్టా. బస్సెక్కితె పాట, దిగితె పాట, మెస్సుల లైన్ల నిలవడితె నాతోని కయ్యం. "ఏం మామా, కోడికి జరమొస్తె వండినవా?" అంటడు నా కూర సూసి. వానికి వీసా తీసి తోలుకొచ్చింది రాజేశమే. బయలెల్లేటప్పుడు అత్త సాయవ్వ కొడుకు చెయ్యి తీస్కపోయి అల్లుని చేతుల వెట్టి, "బిడ్డా, నీ ఎంబడి పోతుండు, నీ ఎంబడే రావాలె" అన్నదట. ఆ ముసలమ్మకు ఖతర్ అన్న పేరే నోరు తిరగది. ఆమెకు అంతా దుబాయే.

ఊర్లె వీళ్ళిద్దరు చిరుతల ఆట ఆడెటోళ్ళు. ఎండాకాలం కోతలైనంక కాళ్ళకు గజ్జెలు కట్టి, చేతుల చెక్క చిరుతలు పట్టి ఆడుతరు. యుద్ధంల దెబ్బ తాకి పడిపోయేటి తమ్ముని ఏషం రాజేశంది. కొండ మోసుకచ్చి ఆ తమ్మున్ని లేపేటి ఏషం తిరుమల్‌ది. మా ఊర్లె ఆ ఆటకు ఒక కట్టడి ఉన్నది. తమ్ముడు పడ్డంక, మల్ల లేచేదాక, సూసెటోళ్ళల్ల ఎవ్వలు లేవద్దు. ఆన కొట్టనీ, సంటిపిల్ల ఏడ్వనీ, కూసున్న జాగ ఇడువద్దు. సావు సూసి సగంల లేచిపోతె ఆ సావు మన ఎంబడి ఇంటికొస్తదంటరు. లేచినంక కర్పూరం ముట్టిచ్చి హారతి ఇస్తరు. అప్పుడే ఆట ఒడిసినట్టు. మీరు దీన్ని మూఢనమ్మకమంటె అనుండ్రి, నాకేం ఫరక్ పడది.

గిట్లుండంగ తిరుమల్ సైట్ల స్కాఫోల్డింగ్ మీదికెల్లి పడ్డడు. నిలవడ్డ పలక ఇరిగింది. ఆ పలక ఊగుతున్నదని వాడు ముందురోజే ఫోర్మన్‌కు చెప్పిండు. "రేపు మారుద్దాం, యల్లా యల్లా, పని కానియ్యి" అన్నడట వాడు. పడ్డంక కంపెనోళ్ళు ఏం చెప్పిండ్రో తెలుసా? బెల్టు కొక్కెం తలిగిచ్చుకోలేదని! అరె, కొక్కెం తలిగిచ్చేటందుకు పైన పైపన్నది ఉండాలె గదా! ఈడి అరబ్బీల చెప్పాల్నంటె పైప్ మాఫీ, లేనే లేదు, తప్పు మాత్రం పడ్డోనిది. ఇనంగనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తిరుమల్ తలకు దెబ్బ తాకింది. దవాఖానల పడుకున్నడు, సోయి లేదు. కంపెనీ బండి శుక్రారం పొద్దుగాల ఒక్కసారి తీస్కపోతది, అది సుత సొంతోళ్ళనే. ఈడ వానికి సొంతోడంటె రాజేశం ఒక్కడే. పోతడు, చెయ్యి పట్టుకొని కూసుంటడు, వస్తడు. ఫోన్ మోగితె మాత్రం వాని మొఖం నల్లవడ్తది. సాయవ్వ అడిగేది ఒక్కటే మాట: "లేచిండా బిడ్డా?" వాడు "నిమ్మలంగున్నడు అత్తా, నిద్రవోతుండు" అని కిందికి సూసుకుంట చెప్తడు. అబద్ధం చెప్పుడు చాతగాని మనిషి, ఎంత కష్టపడి చెప్తుండెనో నేను సూసిన.

ఇగ సినిమా సంగతి. మా క్యాంపుల ఏసోబని గుంటూరు దిక్కు పెయింటర్ ఉన్నడు. కిరస్తానోడు. గుడ్ ఫ్రైడే నాడు ప్రార్థనకు పోదామంటె బండి దొరకలే పాపం. మొఖం వేలాడేసుకొని మెస్సులకొచ్చి, "భూమన్నా, ఫ్రెండొకడు ఏసుప్రభువు సినిమా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, తెలుగులోనే ఉంది, హాల్లో వేసుకుందామా?" అన్నడు. మా వెల్ఫేర్ ఆఫీసర్ గురుప్రసాద్ సార్‌ను అడిగితె, తెలుగు సినిమా అన్నంతవరకే ఇని "వేసుకోండి, వేసుకోండి, గొడవ చెయ్యకండి" అని చెయ్యూపిండు. ఏ సినిమా అని అడగనే లేదు. అది మా తప్పా?

మజ్జానం తిండ్లయినంక హాల్ నిండింది. నిజం చెప్తున్న, సగం మంది ఏసీ కోసం వచ్చిండ్రు. పొద్దుతిరుగుడు గింజలు నమిలెటోళ్ళు, ఫోన్ల ముచ్చట పెట్టెటోళ్ళు, కాళ్ళు జాపి కునికెటోళ్ళు. రాజేశం దవాఖానకెల్లి అప్పుడే వచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. "ఎట్లున్నడ్రా?" అన్న. తల అడ్డంగ ఊపిండు. నా కిచెన్ల రొట్టెలు చేసే గౌస్ మొహియుద్దీన్, మన బోధనోడే, తలుపు కాడ నిలవడి సూస్తుండు. "మా దాంట్ల ఈ కథ గిట్ల ఉండది భూమన్నా" అన్నడు. "మరి పో" అన్న. పోలే.

ఎంబడి తిరిగినోడే పట్టిచ్చిన కాడికి వచ్చేసరికి గింజలు నమిలేటి సప్పుడు ఆగింది. "థూ నీ బతుకు!" అన్నడు ఎవడో ఎన్కకెల్లి. కొరడలు పడుతుంటె హాల్ల ఒక్కడు దగ్గలే. ఏసోబు మోకాళ్ళ మీద కూసొని ఏడుస్తుండు, అది వాని దేవుడు, ఏడ్వాలె. మరి మా వాళ్ళెందుకు ఏడ్సిండ్రు? మీసాలున్న మేస్త్రీలు, పచ్చి బూతులు మాట్లాడేటోళ్ళు, కండువ అడ్డం పెట్టుకొని ఏడ్సిండ్రు. ఎన్కకు తిరిగి సూస్తె గౌస్ సుత పిండి చేతులతోటి కండ్లు తుడుసుకుంటుండు. "అల్లా కసం, ఏడ్పాగుతలేదు" అన్నడు.

అగో, అప్పుడొచ్చింది ఆ పెద్దదొర ముచ్చట. ఆ దొరకు ఎర్క, ఈ మనిషిది ఏ తప్పు లేదని. ఎర్కుండి సుత నీళ్ళు తెప్పిచ్చుకొని, అందరి ముందట చేతులు కడుక్కుంటడు. నాకేం సంబంధం లేదన్నట్టు. కొరడలు పడ్డప్పుడు ఏడ్సిన హాలు, గా చేతులు కడిగేది సూసి మండింది! "కడుక్కో, కడుక్కో, మంచిగ కడుక్కో!" అని ఒకడు. "మన ఫోర్మన్ గిట్లనే కడుక్కున్నడు కదరా!" అని ఇంకోడు. చెప్పు తీసి టీవీ మీదికి ఇసిరేటోన్ని నేనే ఆపిన. రాజేశం మాత్రం ఆ నీళ్ళ దిక్కే సూస్తుండు.

ఇగ సిలువ మోసుకుంట పడుతుంటె "అరె ఎవలన్న పట్టుకోండ్రిర!" అని మా వాళ్ళు టీవీల మనుషులను తిట్టుడే తిట్టుడు. బాట పక్కన తల్లి కనవడంగనే అందరి తలకాయలు కిందికి వంగినయి. మేకులు కొట్టేటప్పుడు రాజేశం చేతులు రెండు తొడల కింద దాసుకున్నడు. పొద్దందాక సుత్తె పట్టి మేకులు కొట్టే చేతులవి. ఆ ఠంగు ఠంగుమనే సప్పుడు వానికి ఎట్ల తాకిందో నేను మీకు చెప్పలేను.

సరిగ్గ గా యాల్లకే గురుప్రసాద్ సార్ వచ్చిండు. ఏడ్పులు బయటిదాక ఇనవడ్డట్టున్నయి. టీవీ సూసిండు, మమ్ముల సూసిండు, మొఖం తెల్లవోయింది. సిలువ మీద తల వాలంగనే రిమోట్ గుంజుకొని టీవీ బందు వెట్టిండు.

"ఏంటయ్యా ఇది? తెలుగు సినిమా అంటే ఇదా? క్యాంపులో మతం సినిమాలు వేస్తారా? ఎవడైనా కంప్లైంట్ ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది. లేవండి, లేవండి. అయిపోయింది కదా!"

సగం మంది లేవబోయిండ్రు. అప్పుడు రాజేశం లేచి తలుపుకు అడ్డం పోయి నిలవడ్డడు. వాని గొంతు గంత పెద్దగుంటదని నాకు గా దినమే ఎర్కైంది.

"ఎవ్వలు లేవద్దు! ఒడువలే సారూ. ఆయన లేస్తడు. లేచినంక బందు వెట్టు."

"చచ్చిపోయాడు కదయ్యా, ఇంకా ఏం లేస్తాడు? సినిమా అది. రేపు పొద్దున్నే డ్యూటీ లేదా మీకు?"

"మూడో నాడు లేస్తాడండి, ఇంకొంచెమే ఉంది" అన్నడు ఏసోబు భయం భయంగ.

"నా బామ్మర్ది దవాఖానల వడి ఉన్నడు సారూ" అన్నడు రాజేశం. "నేను సావు సూసి సగంల లేచి పోను. నీ కాల్మొక్త, లేచేది సూపియ్యి."

గింతే అడిగిండు. ఏమన్న తప్పు అడిగిండా? గురుప్రసాద్ సార్ నవ్విండు. "మీకు సినిమాకీ నిజానికీ తేడా ఎప్పుడు తెలుస్తుందయ్యా?" అన్నడు. గా నవ్వు సూసి నాకు ఒళ్ళు మండి, నిలవడ్డోన్ని మల్ల కింద కూసున్న. నన్ను సూసి మా జగిత్యాలోళ్ళు కూసున్నరు, వాళ్ళను సూసి నేపాలోళ్ళు, బంగ్లాదేశోళ్ళు కూసున్నరు. గౌస్ తలుపు కాడ్నుంచి లోపలికొచ్చి మరీ కూసున్నడు. హాలంత కూసుంటె ఒక్కడు ఏం చేస్తడు? "సరే, తొందరగా కానివ్వండి" అని రిమోట్ ఏసోబు చేతుల వడేసిండు.

బండ జరిగింది. ఎలుగొచ్చింది. కట్టిన బట్ట కింద వడి ఉన్నది, ఆయన లేచి నిలవడ్డడు, చేతుల మేకు బొక్క ఉన్నది. ఓయవ్వో, ఆ ఈలలు, ఆ సప్పట్లు! మా ఊరి ఆట యాదికొచ్చింది నాకు. రాజేశం నా దిక్కు తిరిగి "భూమన్నా, కర్పూరం" అన్నడు. అల్ దోహా అల్ జదీదా బజార్ల దుకాణంల కొన్న కర్పూరం నా కిచెన్ల దేవుని పటం కాడ ఎప్పుడుంటది. ఉరికిపోయి స్టీలు ప్లేట్ల నాలుగు బిళ్ళలు ఏసుకొచ్చిన. రాజేశం ముట్టిచ్చి, కండ్లపొంట నీళ్ళు కారంగ, టీవీకి హారతిచ్చిండు. "ఎట్ల లేచినవో మా వోన్ని గట్లనే లేపు తండ్రీ" అన్నడు. ఏసోబు బిత్తరపోయిండు. వాళ్ళల్ల గిట్ల చెయ్యరు. గని ఏమనలే, చేతులు జోడిచ్చి ఆమెన్ అన్నడు.

గంతే. హాల్ల పొగ సూసి సప్పుడుజేసే మిషన్లుంటయి గదా పైన, గవి మోగినయి. ఒక్కటి మోగితె క్యాంపంత మోగింది. నిద్రల ఉన్నోడు, తానంల ఉన్నోడు, లుంగీల ఉన్నోడు, అందరు ఎండలకు ఉరికిండ్రు. తెల్ల టోపీల సేఫ్టోళ్ళొచ్చి లెక్కవెట్టిండ్రు, అంబులెన్స్ తయారుగ నిలవడ్డది. ఆ హడావిడి, ఆ పద్ధతి, సూడముచ్చటేసింది. కర్పూరం ఎన్నడో ఆరిపోయింది.

సాయంత్రంకల్ల కబురొచ్చింది. మంట వెట్టిండని రాజేశాన్ని వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరని, మల్లనాడు ఆఫీసుల ఎంక్వైరీ అని. రాజేశం నా పక్కన కూసొని ఒక్కటే మాటన్నడు. "నేను పోతె నా నౌకరి పోతది, పోనీ అన్నా. తిరుమల్ కాడికి శుక్రారం ఎవలు పోతరు? కండ్లు తెరిస్తె ఎవల మొఖం సూస్తడు?" పొయ్యి మీద పప్పు మాడింది గా దినం.

ఆఫీసుల సేఫ్టీ మేనేజర్ కూసున్నడు. వానిది ఏ దేశమో నాకు తెల్వదు, ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాదు. పక్కకు గురుప్రసాద్ సార్, మా మాటలు ఇంగ్లీషుల చెప్పేటందుకు. కర్పూరం నాది గాబట్టి నన్ను సుత పిలిచిండ్రు. "ఎందుకు ముట్టించావో అడుగుతున్నారు, సారీ చెప్పు, నేను మేనేజ్ చేస్తాను" అన్నడు సార్, టేబుల్ మీది సీసాలకెల్లి చేతులు కడిగే మందు ఏసుకొని రుద్దుకుంట. నాకు సినిమా యాదికొచ్చింది.

వాని కోపం మెల్లగొస్తదని చెప్పిన గదా. అప్పుడొచ్చింది.

"తప్పే సారూ, కర్పూరం ముట్టియ్యద్దు, నాకు తెల్వక ముట్టిచ్చిన. గని ఒకటడుగుత. నా గోరంత కర్పూరానికి క్యాంపంత బెల్లు మోగింది. ఇంతమంది ఉరికొచ్చిండ్రు, లెక్కవెట్టిండ్రు, అంబులెన్స్ తెచ్చిండ్రు. మా తిరుమల్ పలక ఊగుతున్నదని నోటితోని మొత్తుకుంటె ఏ బెల్లు మోగలేదేంది? ఆనాడు ఒక్కడు ఉరికి రాలేదేంది?"

గురుప్రసాద్ సార్ గొంతు సవరిచ్చుకొని మేనేజర్ దిక్కు తిరిగి ఇంగ్లీషుల ఏదో చెప్పిండు. నాకు ఇంగ్లీషు రాదు. గని సారీ అన్న మాట రాదా? "హి ఈజ్ వెరీ సారీ సర్" అన్నడు! గంత మాట మాట్లాడిన మనిషి నోట్లె సారీ పెట్టిండు!

కూసున్న కుర్చీ ఎన్కకు వడ్డది, నేనే తన్నినట్టున్న. "నో సారీ!" అని ఒర్లిన. "హి నో సే సారీ సార్! స్మాల్ కర్పూర్, బిగ్ బెల్! తిరుమల్ టెల్ ఫోర్మన్, పలక బ్రేక్, పలక బ్రేక్! నో బెల్! తిరుమల్ ఫాల్! వై నో బెల్ సార్?" చెయ్యి పైకెత్తి, ఊపి, కిందవడ్డట్టు వంగి సూపెట్టిన. నా భాష ఇని ఎవడన్న నవ్వుతె నవ్వనీ. గురుప్రసాద్ సార్ నా చెయ్యి పట్టి గుంజుతుండు. ఇడిపిచ్చుకొని ఇంకోసారి చెప్పిన.

మేనేజర్ నవ్వలే. ముంగటికి వంగి గురుప్రసాద్ సార్‌ను ఏదో అడిగిండు. సార్ నీళ్ళు నమిలిండు. మల్ల అడిగిండు, ఈసారి గట్టిగ. తిరుమల్ ముందే చెప్పిండన్న సంగతి ఆ మనిషిదాక పోనే లేదని మాకు అప్పుడే సమజైంది. మమ్ముల బయటికి పొమ్మన్నరు. లోపట లొల్లి శానసేపు ఇనవడ్డది.

మల్లనాడు సైట్ల పాత పలకలన్ని దించిండ్రు, పైన పైపులు కట్టిండ్రు. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు! రాజేశం ఎగ్జిట్ ఆగింది. ఏసోబుకు వార్నింగు, హాలుకు తాళం. నన్ను కిచెన్లకెల్లి తీసేస్తమన్నరు. మా వాళ్ళు గౌస్ వండిన పప్పు ఒక్కపూట తిని కంచాలు కొడితె మల్ల పిలిచిండ్రు. తిరుమల్‌ది తప్పు గాదని మాత్రం ఇప్పటిదాక ఒక్కడు నోరు తెరిసి అనలే. సారీ అన్న మాట మా నోట్లె పెట్టుటానికి మస్తు వస్తది, వాళ్ళ నోట్లకెల్లి మాత్రం రాదు.

మల్లొచ్చిన శుక్రారం దవాఖాన బండిల నేను సుత ఎక్కిన. సొంతోళ్ళనే ఎక్కిచ్చుకుంటమన్నడు డ్రైవర్. "నేను వాని మామను, నన్ను దించి సూడు" అన్న. దించలే. తిరుమల్ సగమైండు. నా కూరను తిట్టే నోట్లె పైపున్నది. రాజేశం జేబులకెల్లి కర్పూరం బిళ్ళ తీసి అరచేతుల పెట్టుకున్నడు. ముట్టియ్యలే. ఈడ సుత బెల్లు మోగుతది గదా. ఉత్త చెయ్యే హారతి లెక్క వాని మొఖం ముందట తిప్పిండు. తిరుమల్ కండ్లు తెరిసిండు. ఎవ్వలను గుర్తువట్టలే. గని ఆ చెయ్యి ఎటు పోతె కండ్లు అటు పోయినయి.

గప్పుడే ఫోన్ మోగింది. సాయవ్వ. "లేచిండా బిడ్డా?"

రాజేశం ఈసారి కిందికి సూడలే. కండ్లు తుడుసుకున్నడు, అబద్ధం చెప్పలే. "లేవలే అత్తా. కండ్లు తెరిసిండు. ఆట ఇంక ఒడువలే. నువ్వు జాగ ఇడిసి లేవకు."